ఇంటి మిల్లింగ్ మిషను దగ్గర ఎగిరే చిప్స్‌ను పుట్టినచోటే ఆపడం ఎలా?

కడపలోని మా ఇంటి వసారాను ఆనుకొని పది అడుగుల గది ఒకటి ఉంది. అందులో బల్లపై బిగించిన చిన్న మిల్లింగ్ మిషనుతో బోరు మోటర్ల షాఫ్టులకు కీవేలు (చక్రం జారకుండా ‘కీ’ కూర్చునే గాడులు) కోస్తాను, పంపుల బీడు (పోత ఇనుము) భాగాల ముఖాలను చదును చేస్తాను, అప్పుడప్పుడు గన్‌మెటల్ బుష్‌లనూ సరిచేస్తాను. మొదటి ఏడాది చిప్స్‌కు, అంటే కోతలో ఎగిరే లోహపు తునకలకు, అడ్డుగా పెట్టే గార్డు అనేదే లేకుండా పనిచేశాను. ఒకనాడు ఇత్తడి పని ముగించి ఇంటి చీపురుతోనే గదిని ఊడ్చాను. పుల్లల మధ్య ఇరుక్కున్న సూదుల్లాంటి చిప్స్ ఆ చీపురుతోపాటు వంటింట్లోకి వెళ్ళి, మరునాడు మా ఆవిడ అరికాల్లో దిగాయి. ఆ తర్వాత ఆరు నెలలపాటు చేసి, చెరిపి, మళ్ళీ చేసి స్థిరపరచుకున్న ఏర్పాటును ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట. మిషను మొత్తాన్ని అద్దాల పెట్టెలో బంధించాలన్న కోరిక అందరికీ కలుగుతుంది, నాకూ కలిగింది. అయితే జాబ్‌ను (కోస్తున్న లోహపు ముక్కను) చూడటానికి, కొలవడానికి, బిగించడానికి ప్రతిసారీ అడ్డం వచ్చే పెట్టెను పది రోజులకే ఊడదీసి మూలన పెడతాము. కట్టర్‌కు దగ్గరగా ఉండే చిన్న గార్డు, దాని వెనుక తప్పించుకున్నవాటిని పట్టే లోతైన ట్రే, ఈ రెండూ కలిసి చేసే పని పెద్ద పెట్టె చేసే పనికి తీసిపోదు, పైగా రోజూ వాడుకలో ఉంటాయి.

చిప్స్ ఎందుకు, ఎంత దూరం ఎగురుతాయి?

లేత్ మీద టూల్ ఆగకుండా కోస్తుంది కాబట్టి చిప్ చాలాసార్లు పొడవైన తీగలా వస్తుంది. మిల్లింగ్‌లో కట్టర్ పన్ను ఒక్కొక్కటీ లోహంలోకి దిగి, కొంత కోసి, బయటికి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఒక తునకను విసురుతుంది. నాలుగు పళ్ళ ఎండ్ మిల్ (కొసనా పక్కలా పళ్ళుండే సన్నని కట్టర్) నిమిషానికి 800 చుట్లు తిరిగితే నిమిషానికి 3,200 తునకలు పుడతాయి.

దూరం సంగతి లెక్కతో తెలుస్తుంది. 50 మి.మీ. వ్యాసం గల ఫ్లై కట్టర్ (ఒకే పన్నుతో వెడల్పు ముఖాలను చదును చేసేది) 800 చుట్ల వేగంతో తిరిగితే దాని అంచు నిమిషానికి సుమారు 125 మీటర్లు, అంటే సెకనుకు దాదాపు 2 మీటర్లు కదులుతుంది. అంచుకు అంటుకొని ఆ వేగంతో అడ్డంగా విడివడిన చిప్, 1.2 మీటర్ల ఎత్తు నుంచి నేలను తాకేలోగా సుమారు ఒక మీటరు ప్రయాణిస్తుంది. అదే కట్టర్‌ను అల్యూమినియం కోసం 2,500 చుట్లకు పెంచితే అంచు వేగం సెకనుకు ఆరున్నర మీటర్లవుతుంది, గాలి అడ్డును పక్కన పెడితే చిప్ మూడు మీటర్లు దాటుతుంది. పది అడుగుల గదిలో అది ఎదురు గోడను తాకి వెనక్కి రావడానికి సరిపోతుంది. వేగం పెరిగినకొద్దీ దూరమూ పెరుగుతుంది గనుక, పెద్ద వ్యాసం గల ఫ్లై కట్టర్, ఫేస్ మిల్ (చాలా పళ్ళతో అదే పని చేసేది) వాడే రోజున గార్డు మరింత అవసరం.

ముందుగా కళ్ళు, బట్టలు

గార్డు తయారయ్యేదాకా ఆగి కళ్ళద్దాలు పెట్టుకుందామనుకోవడం పొరపాటు. గార్డు ఉన్నా అవి తప్పవు. చదువుకోవడానికి వాడే అద్దాలకు పక్కలు తెరిచి ఉంటాయి కాబట్టి అవి చాలవు. పక్క కవచాలున్న పాలికార్బనేట్ రక్షణ అద్దాలను, భారతీయ ప్రమాణం ఐఎస్ 5983 గుర్తు చూసి, కొనుక్కోవాలి. ఫ్లై కట్టర్ పనికి వాటిపైన ముఖ కవచం కూడా వేసుకుంటే మంచిది. కవచం ఒక్కటే వేసుకుంటే దాని కిందినుంచి, చెమట తుడుచుకోవడానికి పైకెత్తినప్పుడు, చిప్స్ లోపలికి వస్తాయి. మే నెలలో మా గదిలో చెమటకు అద్దాలు మసకబారుతాయి. అప్పుడు మిషను ఆపి, బయటికి వచ్చి తుడుచుకోవాలే తప్ప అద్దాలను నుదుటి మీదికి నెట్టి పని సాగించకూడదు.

ఇంట్లోనే పని గదా అని లుంగీ కట్టుకొని, మెడలో తువ్వాలు వేసుకొని, హవాయి చెప్పులతో మిషను దగ్గర నిలబడేవారు మనలో చాలామంది ఉన్నారు. లుంగీ మడతలో పడిన వేడి ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మెత్తని ఉక్కు) చిప్‌ను దులుపుకొనే తొందరలో చెయ్యి ఎటు పోతుందో తెలియదు. మెడలో వేలాడే తువ్వాలు తిరిగే కట్టర్‌కు చిక్కితే మనిషినే లాగుతుంది. ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా, మూసి ఉండే బూట్లు వేసుకోవాలి. చేతికి తొడుగులు మాత్రం వద్దు, తిరిగే కట్టర్ వాటిని పట్టుకుంటే వేళ్ళను వదలదు.

కంట్లో ఏదైనా పడితే నలపకూడదు. పైపైన ఉన్న నలుసైతే శుభ్రమైన నీటితో కడగవచ్చు. గుచ్చుకున్నట్లు అనిపిస్తే తువ్వాలు కొనతోనో, అగ్గిపుల్లకు చుట్టిన దూదితోనో ఇంకొకరిచేత తీయించుకోకుండా, కంటిపై ఒత్తిడి పడకుండా కప్పుకొని వెంటనే కంటి వైద్యుని దగ్గరికి వెళ్ళాలి. ఇనుప నలుసు నల్లగుడ్డు మీద ఉండిపోతే చుట్టూ తుప్పు మరక ఏర్పడుతుంది, దాన్ని తీయడం మరింత కష్టమవుతుంది. మిషను దగ్గర లోహం ఎగిరి తగిలిందని వైద్యునికి స్పష్టంగా చెప్పాలి. ఇనుము లోపల ఉండే అవకాశముంటే ఎంఆర్ఐ తీయకూడదు. కర్నూలు వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది.

మొదటి మెట్టు: చిప్స్ దారిని కాగితం మీద పట్టడం

గార్డు ఎక్కడ పెట్టాలో ఊహించడంకన్నా చూసి తెలుసుకోవడం మేలు. పాత దినపత్రికల కాగితాలకు పలుచగా గ్రీజు పూసి, మిషను వెనుక గోడకు, రెండు పక్కలా, మనం నిలబడే చోట నేల మీద, అంటించాలి. ఒక ఎంఎస్ ముక్కను ఎండ్ మిల్‌తో, ఒక అల్యూమినియం ముక్కను ఫ్లై కట్టర్‌తో, వేర్వేరు కాగితాల మీద, ఐదేసి నిమిషాలు కోయాలి. గ్రీజుకు అంటుకున్న చిప్స్ ఏ ఎత్తులో, ఏ పక్కన ఎక్కువగా ఉన్నాయో కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది. నా కాగితాల మీద ఎక్కువ భాగం కట్టర్ అడుగుకు ఒక జానెడు పైనా కిందా మాత్రమే పట్టీలా పడింది. మనిషి ఎత్తు గోడలు కట్టాలన్న నా ఆలోచన అక్కడితో ఆగిపోయింది. ఈ కాగితాలను పారేయకుండా తేదీ వేసి దాచాలి, చివర్లో వీటితో పని ఉంది.

రెండవ మెట్టు: కోతను సరిచేసుకోవడం

డబ్బు ఖర్చు లేకుండా సగం చిప్స్‌ను దారిలో పెట్టే మెట్టు ఇది, అయినా ఎక్కువమంది దీన్ని దాటేస్తారు. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) కట్టర్‌తో ఎంఎస్ కోయడానికి నిమిషానికి సుమారు 25 మీటర్ల కోత వేగం సరిపోతుంది. 1000ని ఆ వేగంతో గుణించి, కట్టర్ వ్యాసాన్ని 3.14తో గుణించగా వచ్చినదానితో భాగిస్తే చుట్ల సంఖ్య వస్తుంది, 10 మి.మీ. ఎండ్ మిల్‌కు అది సుమారు 800. అదే కట్టర్‌ను 2,000 చుట్లకు పెట్టి నడిపితే చిప్స్ దూరం పోవడమే గాక కట్టర్ కూడా త్వరగా మొద్దుబారుతుంది.

ఫీడు (జాబ్‌ను కట్టర్‌లోకి తోసే వేగం) విషయంలో భయపడి మరీ నెమ్మదిగా తోస్తే పన్ను కోయడం మాని రుద్దుతుంది, అప్పుడు చిప్ బదులు సన్నని రజను, సూదులు వస్తాయి. వాటిని ఏ గార్డూ సరిగా ఆపలేదు. పైన చెప్పిన నాలుగు పళ్ళ కట్టర్‌కు పన్నుకు 0.04 మి.మీ. చొప్పున లెక్కవేస్తే నిమిషానికి సుమారు 128 మి.మీ. ఫీడు వస్తుంది. చేతితో తిప్పేవారు గడియారం పెట్టుకొని ఒకసారి అలవాటు చేసుకుంటే చిప్ ఆకారాన్ని చూసే ఫీడును గుర్తుపట్టగలుగుతారు.

ఇక దిశ. పైనుంచి చూస్తే స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు) గడియారపు ముల్లు తిరిగినట్లు తిరుగుతుంది. మనం మిషనుకు ఎదురుగా నిలబడితే కట్టర్ కుడి పక్క పళ్ళు మన వైపుకు వస్తాయి, ఎడమ పక్క పళ్ళు వెనుకనున్న మిషను స్తంభం వైపుకు పోతాయి. కాబట్టి ఫ్లై కట్టర్‌తో ముఖాన్ని చదును చేసేటప్పుడు జాబ్‌ను కట్టర్‌కు ఎడమవైపున ఉంచి, మిషను బల్లను (జాబ్‌ను బిగించి కదిపే భాగాన్ని) ఎడమ నుంచి కుడికి నడిపితే చిప్స్ మన ముఖం మీదికి గాక స్తంభం వైపుకు పోతాయి. జాబ్ వెడల్పు కట్టర్ వ్యాసంకన్నా తక్కువగా ఉండి, కట్టర్ మధ్యలో పట్టినప్పుడే ఈ ఎంపిక. ఎండ్ మిల్‌తో అంచులు కోసేటప్పుడు మాత్రం దిశను చిప్స్ కోసం ఎంచుకోకూడదు. చిన్న మిషన్లలో బల్లను నడిపే స్క్రూలలో ఆట (వదులు) ఉంటుంది, పన్ను తిరిగే దిశలోనే జాబ్‌ను తోస్తే కట్టర్ బల్లను తనవైపు లాక్కొని విరిగిపోతుంది.

ఎంఎస్ మీద కటింగ్ ఆయిల్‌ను బ్రష్‌తో పూస్తే చిప్స్ బరువెక్కి దగ్గరలోనే పడతాయి. బ్రష్‌ను తిరిగే పళ్ళకు ఎప్పుడూ చిప్ బయటికి వచ్చే వైపునుంచే తాకించాలి, లోపలికి లాగే వైపు తగిలితే వెంట్రుకలతోపాటు బ్రష్‌నే లాగేస్తుంది. బీడును పొడిగానే కోయాలి, నూనె తగిలితే దాని రజను నల్లని ముద్దగా మారి స్లైడులను (బల్ల జారే పట్టాలను) అరగదీస్తుంది.

మూడవ మెట్టు: కట్టర్ దగ్గరి గార్డు

గార్డు పలకకు 3 మి.మీ. గట్టి పాలికార్బనేట్ షీటు కావాలి. దుకాణంలో పారదర్శకంగా కనిపించేదంతా పాలికార్బనేట్ కాదు. అక్రిలిక్ కూడా అలాగే ఉంటుంది, దెబ్బ తగిలితే పెంకులుగా పగులుతుంది. తునక అడిగి తెచ్చుకొని కటింగ్ ప్లయరుతో పట్టి వంచితే అక్రిలిక్ టక్కున విరుగుతుంది, పాలికార్బనేట్ వంగి నిలుస్తుంది. షెడ్ల పైకప్పుకు వేసే, లోపల గదులు గదులుగా బోలుగా ఉండే పాలికార్బనేట్ షీటు చవకగా దొరుకుతుంది గాని దాని గోడలు మరీ పలుచన, అందులోంచి జాబ్ కూడా కనిపించదు.

షీటును సుమారు 250 మి.మీ. పొడవు, 200 మి.మీ. ఎత్తుకు కోసి, మూలలను గుండ్రంగా ఆకురాయితో రుద్దాలి. డయల్ గేజీకి వాడే అయస్కాంతపు బేసుకు దాని కడ్డీతో బిగించి, బేసును బల్ల మీద గాక మిషను తల మీదనో స్తంభం మీదనో నిలపాలి. అప్పుడు బల్ల కదిలినా గార్డు కట్టర్ దగ్గరే ఉంటుంది. కట్టర్‌కు, పలకకు మధ్య ఒక అరచేయి వెడల్పు ఖాళీ చాలు. కింది అంచు జాబ్ పైముఖానికి 10 మి.మీ. పైన ఉండేలా దించాలి, అంతకన్నా ఎత్తుగా ఉంటే చిప్స్ దాని కిందినుంచే వస్తాయి. స్పిండిల్ నడిపే ముందు బల్లను రెండు చివరలకూ చేత్తో తిప్పి, జాబ్‌ను పట్టే వైస్ పిడి గాని క్లాంపు బోల్టు గాని పలకను తాకడం లేదని చూసుకోవాలి. వైస్ పిడిని బిగించాక తీసి పక్కన పెట్టే అలవాటు ఇక్కడ అక్కరకు వస్తుంది.

బోల్టు రంధ్రాల విషయంలో నేను ఒక పలకను పోగొట్టుకున్నాను. వేడికి పాలికార్బనేట్ ఇనుముకన్నా చాలా ఎక్కువగా సాగుతుంది, 500 మి.మీ. పలక 30 డిగ్రీల తేడాకు సుమారు ఒక మి.మీ. పెరుగుతుంది. మా ఊళ్ళో పుష్యమాసపు తెల్లవారుజాముకూ వైశాఖపు మధ్యాహ్నానికీ గదిలో దాదాపు అంత తేడా ఉంటుంది. రంధ్రాన్ని బోల్టుకన్నా 2 మి.మీ. పెద్దగా వేసి, రబ్బరు వాషరు పెట్టి, వదులు పోయేంత వరకే బిగించాలి. మర ఊడకుండా వేసే జిగురు ద్రవం తగిలితే పాలికార్బనేట్ సన్నగా చిట్లుతుంది, దాని బదులు నైలాన్ లాక్ నట్లు వాడాలి. థిన్నరు, పెట్రోలు, అసిటోన్‌లతో తుడవకూడదు, సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. మసకబారిన పలకను మార్చాలి, పగుళ్ళు కనిపించినది ఆ రోజే తీసేయాలి.

ఈ 3 మి.మీ. పలక చిప్స్‌ను ఆపుతుంది. విరిగిన కట్టర్‌నో, వైస్‌లోంచి జారిన జాబ్‌నో ఆపుతుందని ఎవరూ నమ్మకూడదు. ఫ్లై కట్టర్ తిరిగే తలానికి ఎదురుగా గాక పక్కకు నిలబడాలి.

నాల్గవ మెట్టు: వెనుక గోడ, పక్కలు, ట్రే

ఇది రేకు పని, వెల్డింగు షాపులో ఒక పూటలో అయిపోతుంది. మిషను కింద 1.2 మి.మీ. రేకుతో, నాలుగు పక్కలా 75 మి.మీ. అంచు లేపిన ట్రే చేయించాలి. దాని పొడవును బల్ల పొడవుతో గాక బల్ల రెండు చివరలకూ పోయినప్పుడు ఆక్రమించే మొత్తంతో కొలవాలి, 500 మి.మీ. బల్ల 300 మి.మీ. ప్రయాణిస్తే ట్రే 800 మి.మీ.కి తగ్గకూడదు. కొలిచేటప్పుడు ఈ సంగతి మరచిపోయి మొదటి ట్రేను నేను సరిగ్గా బల్లంతే చేయించాను. వెనుకవైపు 0.8 మి.మీ. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) షీటును కట్టర్ ఎత్తుకు ఒక అడుగు పైదాకా నిలపాలి. పక్కలకు అవే షీట్లను బందులతో తగిలిస్తే పొడవైన జాబ్ పెట్టిన రోజున వాటిని మడిచి వెనక్కి తిప్పవచ్చు. చేతి చక్రాలకు, రేకుకు మధ్య కనీసం 40 మి.మీ. ఉండాలి, లేకపోతే వేళ్ళ కణుపులు చెక్కుకుపోతాయి.

ముందు వైపు తలుపు పెట్టదలచినవారు దానికి ఒక లిమిట్ స్విచ్‌ను (తలుపు తగిలితే పనిచేసే స్విచ్‌ను) అమర్చి, తలుపు మూసి ఉన్నప్పుడు మాత్రమే మోటరు కాంటాక్టరు (మోటరుకు కరెంటును కలిపే పరికరం) కాయిల్‌కు కరెంటు అందేటట్లు ఎలక్ట్రీషియన్‌తో కలిపించుకోవాలి. తలుపు మూయగానే మిషను తనంతట తాను తిరగకూడదు, పచ్చ బటన్ మళ్ళీ నొక్కితేనే తిరగాలి. ఇదే ఏర్పాటు కరెంటు పోయి వచ్చినప్పుడూ కాపాడుతుంది. మామూలు స్విచ్ ఉన్న మిషను ముందు, కరెంటు పోయిన సమయంలో వంగి చిప్స్ ఊడ్చేవారి చేతి కిందనే కట్టర్ తిరగడం మొదలవుతుంది.

ఐదవ మెట్టు: మిషను లోపలికి పోకుండా

బల్లకు, స్తంభానికి మధ్య స్లైడు మీద రబ్బరు తెర వేయాలి. లారీ ట్యూబు ముక్క తేలికగా దొరుకుతుంది, మడతకు వంగుతుంది. నూనె తగిలి ఏడాదిలో ఉబ్బి జిగటవుతుంది కాబట్టి అప్పుడు మార్చుకోవాలి. నూనెను తట్టుకొనే నైట్రైల్ రబ్బరు షీటు దొరికితే అదే మేలు.

వేగాన్ని మార్చే కంట్రోలు బోర్డు ఉన్న పెట్టె గురించి ప్రత్యేకంగా చెప్పాలి. లోపలి ఫ్యాను గాలితోపాటు లోహపు రజనునూ పీల్చుకుంటుంది, అది బోర్డు మీద రెండు గీతల మధ్య పడితే బోర్డు కాలిపోతుంది. గాలి రంధ్రాలను టేపుతో మూసేస్తే 42 డిగ్రీల ఎండలో బోర్డు వేడికే పోతుంది. రంధ్రాల మీద సన్నని స్పాంజి ఫిల్టరు బిగించి నెలకోసారి కడగడం, వీలైతే పెట్టెనే గోడ మీదికి మార్చడం సరైన పని.

ఆరవ మెట్టు: నేల, ఫ్యాను, శుభ్రం

కడప బండల నల్లని నేల మీద ఇత్తడి మెరుస్తుంది, బీడు రజను అసలు కనిపించదు. బండల సందుల్లో సిమెంటు రాలిపోయిన చోట అది ఏళ్ళ తరబడి దాక్కుంటుంది. ముందుగా సందులను సిమెంటుతో పూడ్చి, మిషను ముందు లేత రంగు రబ్బరు చాపను పరచాలి. కొబ్బరి పీచు చాప వద్దు, చిప్స్ అందులోకి దిగితే బయటికి రావు. గుమ్మం దగ్గర పని బూట్లను విడిచి, ఇంటి చెప్పులు వేసుకొనే ఏర్పాటు ఉండాలి. పని గది చీపురు, చేట ఆ గదిలోనే ఉండాలి, పిడికి ఎర్ర రంగు పూస్తే ఇంట్లో అందరికీ గుర్తుంటుంది.

నిలువు ఫ్యాను లేకుండా వేసవిలో పనిచేయలేము. అది మన వెనుకనుంచి, భుజం పక్కగా మిషను వైపుకు వీచేలా పెట్టాలి. బీడు కోసేటప్పుడు మాత్రం ఆపేయాలి, లేకుంటే రజను గదంతా తిరిగి ఊపిరితో లోపలికి పోతుంది. ఆ పనికి ముక్కుకు మాస్కు కూడా అవసరం.

చిప్స్‌ను తీసేటప్పుడు స్పిండిల్ పూర్తిగా ఆగాలి. రంగులేసే రెండంగుళాల బ్రష్‌తో బల్లలోని టీ స్లాటుల (బోల్టులు బిగించే గాడుల) నుంచి ట్రేలోకి నెట్టాలి, చేత్తో తుడవకూడదు. కంప్రెసర్ గాలితో ఊదడం మన ఊళ్ళలోని మిషను షాపుల్లో సాధారణమే. ఆ గాలి చిప్స్‌ను కళ్ళలోకీ, స్లైడుల సందుల్లోకీ తోస్తుంది, అంతదాకా గార్డు చేసిన పనంతా వ్యర్థమవుతుంది. ఇనుప రజనును ప్లాస్టిక్ సంచిలో పెట్టిన అయస్కాంతంతో ఏరి, సంచిని తిరగేస్తే అదంతా ఒక్కసారిగా డబ్బాలో పడుతుంది. వాక్యూమ్ వాడేవారు పది నిమిషాలు ఆగి, చల్లారాకే పీల్చాలి. కట్టె పొట్టు ఉన్న సంచిలోకి వేడి చిప్ పోతే నిప్పు అంటుకుంటుంది. ఇత్తడి, అల్యూమినియం, ఇనుము వేర్వేరు డబ్బాల్లో ఉంటే పాత ఇనుము కొట్టువాడు వేర్వేరు ధర ఇస్తాడు, కలిపితే అన్నిటికీ ఇనుము ధరే కడతాడు.

ఏడవ మెట్టు: మళ్ళీ గ్రీజు కాగితాలు

అన్నీ బిగించాక మొదటి రోజు అంటించిన చోట్లలోనే కొత్త కాగితాలను అంటించి, అవే ముక్కలను, అదే వేగంతో, అంతే సేపు కోయాలి. పాత కాగితాలను పక్కన పెట్టి పోల్చితే ఎక్కడ లోటుందో తెలుస్తుంది. నాకు వెనుక గోడ కాగితం దాదాపు శుభ్రంగా వచ్చింది, కాని కుడి పక్క నేల మీది కాగితంలో ఒక మూల దట్టంగా పడ్డాయి. వెతికితే, బల్ల కుడి చివరకు పోయినప్పుడు రేకుకు, బల్లకు మధ్య రెండు వేళ్ళ సందు తెరుచుకుంటోంది. తలుపుల కింద దోమలు రాకుండా బిగించే బ్రష్ పట్టీని అక్కడ రేకు అంచుకు రివెట్లతో బిగించాను. మూడవసారి అంటించిన కాగితం మీద లెక్కపెట్టగా పదకొండు చిప్స్ దొరికాయి, అవి కూడా చాప దాటలేదు.